చికో పట్టణమున బిడ్వెల్ భవనము

చరిత్ర విద్యార్థికి గ్రంథములెంత అవసరమో, పూర్వుల నివాసములును అంత అవసరము. అయితే ఇంటిని చూచుట వేరు, దాని చరిత్రను చదువుట వేరు. ఉత్తర కాలిఫోర్నియాలోని చికో పట్టణమున వెలసిన బిడ్వెల్ భవనమును ఉదాహరణముగా గైకొని ఈ భేదమును పరిశీలింతము.

జాన్ బిడ్వెల్ 1841లో కొంత దూరము బండ్లతోను, అవి సాగని ఎడారిదారిలో బండ్లు విడిచియు కాలిఫోర్నియా చేరిన తొలి వలస బృందములోనివాడు. 1848లో ఫెదర్ నదీతీరమున బంగారము కనుగొని, పిదప చికో వాగు ఒడ్డున విశాలమైన భూమిని సంపాదించెను. అచ్చట 1865లో ఆరంభించిన భవనము 1868లో పూర్తయ్యెను. మూడంతస్తులు, 26 గదులు, ఇటలీ దేశపు వాస్తురీతి దాని లక్షణములు. ఆ 1868లోనే ఆయన ఆనీ కెనెడీని వివాహమాడెను. 1964లో ప్రభుత్వోద్యానముగా మారిన ఈ గృహమున సందర్శకులు ఆ దంపతుల జీవనరీతిని చూచెడివారు.

మనమడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు. ఈ నేల అంతకుముందు ఎవరిది? మెచూప్డా అను ఆదివాసులది. వారి పల్లె భవనమునకు చేరువనే యుండెను. బిడ్వెల్ పొలములలో శ్రమించినవారిలో వారును కలరు. ఆనీ వారికి చదువు చెప్పెను, తన మతమును బోధించెను. ఆ ఆదరమును గుర్తింపవలసినదే. కాని తమ నేలపైననే వారు కూలివారైరను సత్యమును అది చెరిపివేయజాలదు.

ఆ దంపతుల దానములును స్మరణీయములు. 1887లో తమ తోటనుండి 8 ఎకరముల భూమిని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఒసగిరి. నేటి చికో విశ్వవిద్యాలయమునకు అదియే మూలము. 1900లో భర్త గతించిన పిదప, 1905లో ఆనీ నగరమునకు గొప్ప ఉద్యానవనమును దానమిచ్చెను.

2024 డిసెంబరు 11న ఆ భవనము అగ్నికి ఆహుతి అయ్యెను. నూటయేబది యేండ్లు దాటిన గృహము ఒక్కనాటిలో నశించెను. ఆమె ఇచ్చిన ఉద్యానము నిలిచినది, విద్యాలయము నిలిచినది. 1967లో ప్రభుత్వ గుర్తింపును కోల్పోయి, 1992లో తిరిగి పొందిన మెచూప్డా జాతియు నిలిచియున్నది.

కావున విద్యార్థులారా, ఏ చారిత్రక గృహమును దర్శించినను, కట్టించినదెవరని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఆ నేల ఎవరిది, ఆ సంపదకు చెమటోడ్చినదెవరు, వారి సంతతి నేడెచ్చట నున్నదని కూడ అడుగుదము. గోడలు లేనిచోటను ఈ ప్రశ్నలకు సమాధానములు లభించును.