ముందు కుర్చీ, ఆ తర్వాతే తెర

చి. అమ్మలుకి,

నువ్వు పంపిన లిస్టు చూశాను. వంపు తిరిగిన పెద్ద మానిటరు, రంగురంగుల లైట్ల కీబోర్డు, మానిటరు నెత్తిన తగిలించే దీపం, బల్లకి బిగించే మైకు. చరోదాలో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీ పని చేస్తున్నావు, పొద్దంతా ఆ బల్ల దగ్గరే గడుస్తోంది. దానిమీద డబ్బు పెట్టడం దుబారా కాదు. మీ నాన్న కాదంటే నేను మాట్లాడతాను. అయితే ఇంత లిస్టులో కుర్చీ లేదు తల్లీ. భోజనాల బల్ల కుర్చీలోనే కూర్చుంటున్నావనీ, రాత్రయ్యేసరికి నడుం పట్టేస్తోందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. ఒంటికి తగిలేవి ముందు కొను, కంటికి కనిపించేవి తర్వాత, మోజు వస్తువులు అన్నిటికన్నా చివర.

కుర్చీ ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించకు. భిలాయిలో పవర్‌హౌస్ వైపో సుపేలా వైపో వెళ్లి, కనీసం పావుగంట కూర్చుని చూడు. ఎత్తు పెంచడం, తగ్గించడం కుదరాలి. నడుం ఒంపు దగ్గర వీపుకి ఆసరా అందాలి. వెనక్కి జరిగి కూర్చుంటే మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు మిగలాలి. తలకి దిండు, రేసుకారు సీటు ఆకారం ఉన్నవి ఖరీదెక్కువ. అవేవీ నీకు అక్కర్లేదు.

ఇంటికొచ్చాక టేపు తీసుకో. పాదాలు నేలమీద పూర్తిగా ఆనేలా కూర్చుని, భుజాలు వదులుగా వదిలి, మోచెయ్యి మడిచి పక్కకి ఆనించు. నేల నుంచి మోచెయ్యి దాకా ఎంతుందో అమ్మని కొలవమను. నీ ఎత్తుకి ఇరవై నాలుగు, ఇరవై అయిదు అంగుళాలు రావచ్చు. మనకి దొరికే బల్లలు మామూలుగా ముప్ఫై అంగుళాలుంటాయి. ఆ తేడా అంతా నీ భుజాలే మోస్తున్నాయి. సాయంత్రానికి మెడ దగ్గర రాయిలా బిగుసుకునేది అందుకే. వడ్రంగిని పిలిచి బల్ల కింద కీబోర్డుకి సొరుగు పెట్టించు, తొడలకి తగలకుండా చూసుకో. అది కుదరకపోతే కుర్చీ ఎత్తు పెంచి, కాళ్ల కింద ఏటవాలు పీట వేసుకో. పీట చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక ల్యాప్‌టాప్. తెర, కీలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటమే దాంతో చిక్కు. కీలు చేతికందితే తెర కిందకి పోతుంది, తెర కంటికి సరిపోతే కీలు గాల్లోకి లేస్తాయి. కాబట్టి విడిగా కీబోర్డు, మౌస్ తప్పవు. లైట్లు లేని మామూలు కీబోర్డు చాలు. మానిటరు ఇరవై నాలుగు అంగుళాలది, ఐపీఎస్ ప్యానెల్, 1920 x 1080 ఉంటే నీ లెక్కల షీట్లకి సరిపోతుంది. డబ్బు మిగిలితే వంపుకి పెట్టకు, ఎత్తు మార్చుకునే స్టాండున్న మానిటరుకి పెట్టు. వెనక వంద మిల్లీమీటర్ల ఎడంతో నాలుగు మర బెజ్జాలున్నాయో లేదో చూడు, ఎప్పుడైనా బల్లకి బిగించే మానిటర్ ఆర్మ్ కొనాలంటే పనికొస్తాయి. తెర పై అంచు కంటి ఎత్తులోనో, కొంచెం కిందో ఉండాలి. చెయ్యి చాచితే వేళ్లు తెరకి తగిలేంత దూరం చాలు. సుపేలా ఆకాశగంగ మార్కెట్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, తెర వెలిగించి చూపించమని అడుగు.

ఆ దీపం ఇప్పుడే వద్దు. బల్లని కిటికీకి పక్కవాటుగా జరుపు. వెలుతురు వెనక నుంచి వస్తే తెరమీద మెరుపు, ఎదురుగా వస్తే కళ్లకి గుచ్చుడు. మైకు కూడా వద్దు. బీఎంవై రైల్వే యార్డు పక్కనున్న ఇంట్లో బల్లమీది మైకు ఇంజన్ హారన్లతో సహా పట్టేస్తుంది. మైకు నోటి దగ్గరికొచ్చే వైరు హెడ్‌సెట్ తీసుకుంటే మీటింగులో నీ మాటే వినిపిస్తుంది.

యార్డులో బొగ్గు వ్యాగన్ల రాకపోకలకి మీ కిటికీ చువ్వల మీద నల్లటి పొడి పేరుకోవడం నీకు తెలిసిందే. అదే పొడి ల్యాప్‌టాప్ ఫ్యానులోకీ వెళ్తుంది. రాత్రి పని అయ్యాక పాత నూలు గుడ్డ కప్పు, గాలి సందుల దగ్గర మెత్తటి బ్రష్‌తో దులుపు. మే నెలలో కూలర్ గాలి సూటిగా బల్లమీదకి కొట్టకుండా తిప్పిపెట్టు. ఆ తేమ, ఉప్పునీటి తుంపర యంత్రాలకి పడవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మీ ఇంటి కరెంటు సంగతి, చివరికి ఉంచాను. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ కార్ఖానా పనికీ, ఈ రైల్వే పనికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లు చరోదాలో చేతికి డబ్బందినప్పుడల్లా ఒక్కో గది వేసుకున్నారు. మీ ఇల్లూ అలా పెరిగిందే. గది పెరిగినప్పుడల్లా కరెంటు వైరు లాగారు గానీ, ఎర్తింగ్ వైరు ప్రతి గదికీ వెళ్లిందో లేదో ఎవరూ చూడలేదు. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా దాని లోహపు మూత మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటోందని సంక్రాంతికి నువ్వే అన్నావు. ఛార్జరుకి రెండే పిన్నులుంటే అలా అనిపించవచ్చు. మూడు పిన్నులుండీ అలా ఉంటే గోడలో ఎర్తింగ్ లేదేమోనని అనుమానించాలి. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపిస్తే, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే చూపించాలి. చూపించకపోతే ఎర్త్ పిట్ నుంచి మీ గది దాకా కొత్త వైరు లాగించు. ఎండాకాలంలో ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పొయ్యమని నాన్నకి చెప్పు. ఎర్తింగ్ లేని గోడలో ఎంత ఖరీదైన స్పైక్ గార్డు పెట్టినా పూర్తి రక్షణ ఉండదు. కూలర్‌నీ నీ మానిటర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకు.

పెద్ద యూపీఎస్ కొనకు, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. కరెంటు పోతే ముందు ఆగేది వైఫై. రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 అని ఉందో చూసి, అదే వోల్టేజి ఇచ్చే చిన్న రూటర్ యూపీఎస్ తీసుకో.

ఈ ఆదివారం ఏమీ ఆర్డర్ పెట్టకు. ముందు ఎలక్ట్రీషియన్‌ని రప్పించి, మీటరు చూపించిన అంకె ఫొటో తీసి నాకు పంపు. అది బాగుంటే కుర్చీ డబ్బు నేనిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య