తోటకు శోభ, అడవికి క్షేమం

ఇంటిముందు నాలుగు పూలమొక్కలు పెంచుకోవడం మన సంస్కారంలోనే ఉన్నది. ఐతే మనం నాటిన మొక్క మన కంచెలోపలనే ఉంటుందా అన్నది విచారించదగిన ప్రశ్న. చింతపల్లి మన్యానికి ముఖద్వారం వంటి నర్సీపట్నంలో నివసించే మనకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

పులికంప అని పిలిచే లాంటానా అమెరికా ఖండపు మొక్క. రంగురంగుల పూలగుత్తుల కోసం 19వ శతాబ్ది ఆరంభంలో దీనిని కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చారు. పక్షులు పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేర్చాయి. ఆనాటి అలంకారపు మొక్క నేడు తూర్పు కనుమలలో దట్టమైన పొదలై అల్లుకొన్నది. దాని క్రింద గడ్డి సరిగా ఎదగదు. దాని ఆకు మేసిన పశువుకు కాలేయం చెడుతుంది. పట్టణంలో మనం వేసిన కంచెకు కొండమీది పశువుల కాపరి మూల్యం చెల్లించవలసి వస్తుంది.

గుర్రపుడెక్క కథ కూడా ఇటువంటిదే. పూల అందం చూసి తెచ్చిన ఈ దక్షిణ అమెరికా మొక్క బెంగాల్ జలమార్గాలను కప్పివేయగా, 1936లో దాని నిర్మూలనకై ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది.

విదేశీ మొక్కలన్నీ హానికరం కావు. కాగితపు పూలతీగ కూడా దక్షిణ అమెరికాదే. కాని తోటలలో అది గింజ కట్టడం అరుదు. కావున పరదేశపు మొక్కను ఎన్నుకొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవలె. దీని గింజలను పక్షులో గాలియో మోసుకొని పోతాయా? పారవేసిన ముక్క తనంత తానే వేళ్ళూనుకొంటుందా?

ప్రత్యామ్నాయాలకు కొదవ లేదు. పూలగుత్తులకు నూరువరహాలు, తెల్లని పూలకు నందివర్ధనం, నీటితొట్టికి కలువ, తామర, కంచెకు అడ్డసరం, గోరింట ఉన్నాయి. ఉర్దూలో మెహందీ, తెలుగులో గోరింట అని మనం పిలుచుకొనే ఆ ఒక్క మొక్కే కత్తిరించిన కొలది దట్టమై కంచెగా నిలుస్తుంది. పండుగనాడు మన ఆడపిల్లల చేతులను ఎర్రగా పండిస్తుంది.

లాంటానాను పైపైన నరికితే మరల చిగురిస్తుంది. పండ్లు రాకముందే నేలకు దిగువన వేరుమొదలు కోసి, పెకలించి, తలక్రిందులుగా ఎండబెట్టవలె. గుర్రపుడెక్కను తీసి కాలువలో విసరరాదు, గట్టున ఎండనీయవలె.

కళాశాల ఆవరణలో మొక్కలు నాటించేటప్పుడు కమిటీ పెద్దలు ఈ విషయం గమనించగలరని మా మనవి. విద్యార్థులారా! నర్సరీలో పువ్వు రంగుతోపాటు గింజ గుణాన్ని కూడా అడిగి తెలుసుకోండి. మన తోట అందం పొరుగువాని పొలానికి, అడవికి బరువు కాకూడదు.