వంగు – వంచు – వంపు

తెలుగు క్రియలలో కొన్ని చూడడానికి చిన్నవి. వాటి వెంట నడిచే పరివారం మాత్రం పెద్దది. 'వంగు' అటువంటి క్రియ. తిన్నగా ఉన్న వస్తువు ఆ తీరు విడిచి ఒక పక్కకు వంపు తిరగడం దీని మూలార్థం. గింజ పట్టిన వరికంకి వంగుతుంది. వృద్ధుని నడుము వంగుతుంది. బరువు మోపితే పలుచని బల్లచెక్క వంగుతుంది. ఇక్కడ పని దానంతట అది జరుగుతున్నది, కర్మతో అవసరం లేదు. కనుక ఇది అకర్మక క్రియ. మరొకరు పూనుకొని ఆ పని చేస్తే 'వంచు' అవుతుంది: కమ్మరి ఇనుపకమ్మిని వంచాడు. మాటలాడేటప్పుడు చాలామంది 'ఒంగు' అంటారు; రాతలో 'వంగు' అనే రూపమే శిష్టసమ్మతం.

ఈ జంట ఒంటరిది కాదు. దిగు–దించు, తెగు–తెంచు, మునుగు–ముంచు, పెరుగు–పెంచు అన్నవి దీని తోబుట్టువులు. అకర్మకంలోని 'గు' సకర్మకంలో 'చు'గా మారుతున్నది. దాని ముందు సున్న నిలుస్తున్నది. వీటి నుండి వచ్చే నామవాచకాలు కూడా ఒకే వరుసలో ఉన్నాయి: దింపు, తెంపు, ముంపు, పెంపు, వంపు. 'ముంపు ప్రాంతాలు', 'జీతాల పెంపు' అని వార్తాపత్రికలో చదివినప్పుడు ఈ సూత్రాన్ని ఒకసారి స్మరించండి. వ్యాకరణం వల్లె వేయడం కంటే ఇలా పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఒక ప్రమాదం ఉన్నది. 'వంచు'కు ప్రేరణ రూపం కావలసి, తొందరలో 'వంచించు' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. 'వంచించు' అంటే మోసగించడం. అది సంస్కృతంలోని 'వంచన'కు సంబంధించిన మాట. మన వంపుతో దానికి చుట్టరికం లేదు. దించు–దింపించు, తెంచు–తెంపించు అయినట్లే వంచు–వంపించు కావాలి. 'కమ్మరిచేత కమ్మిని వంపించాడు' అంటే పని చేయించుకొన్నాడని. 'కమ్మరిని వంచించాడు' అంటే కూలి ఎగవేశాడని కూడా అనుకోవచ్చు!

వంగడానికీ, ఒరగడానికీ భేదం తెలియాలి. వంగిన వస్తువు ఆకారం మారుతుంది. ఒరిగిన వస్తువు ఆకారం మారదు, నిలిచిన తీరు మాత్రమే మారుతుంది. గాలివానకు ఇనుపస్తంభం నడుమ మడత పడితే వంగినట్లు. మొదలు కదిలి మొత్తంగా పక్కకు వాలితే ఒరిగినట్లు. ఇంట్లో హిందీ మాటలాడే విద్యార్థులకు ఇక్కడ చిక్కు వస్తుంది. హిందీలో నమస్కారానికి వంగే మనిషికీ, ఇటలీలోని పీసా గోపురానికీ 'ఝుక్‌నా' అన్న ఒక్క క్రియే సరిపోతుంది. తెలుగులో పీసా గోపురం ఒరిగినదే గాని వంగినది కాదు.

ఇక జాతీయాల సంగతి. ఈ క్రియ సంపద అంతా ఇక్కడే ఉన్నది. పొరపాటు పడితే మర్యాద పోయేదీ ఇక్కడే. 'తల వంచి నమస్కరించాడు' అంటే వినయం. 'శత్రువుకు తల వంచాడు' అంటే ఓటమి. 'తల వంచుకొని నిలబడ్డాడు' అన్నప్పుడు అది సిగ్గో, చేసిన తప్పు తెలిసిరావడమో, ఊరక మౌనమో సందర్భం చెప్పాలి. 'తలవంపులు' మాత్రం అవమానమే. వేరే అర్థం లేదు. ఈ మాటలో మరొక విశేషం గమనించండి. తప్పు చేసేవాడు ఒకడు, వంగే తలలు అతని వారివి: 'కుమారుడు ఇంటిల్లిపాదికీ తలవంపులు తెచ్చాడు.' అందుచేత పెద్దలకు లేఖ రాస్తూ 'మీ ఆదేశానికి తల వంచుతున్నాను' అనవచ్చు, 'తలయొగ్గుతున్నాను' అంటే ఇంకా సొంపు. 'మీ ఆదేశం నాకు తలవంపు' అంటే మాత్రం ఆ ఉత్తరం విధేయతకు బదులు నిందను మోసుకొని వెళ్తుంది.

మెడ విషయమూ ఇంతే. ఇతరుల 'మెడలు వంచడం' అంటే పొగరు అణచి దారికి తేవడం. ఒంటరి వ్యక్తి విషయంలోనైనా 'అతని మెడలు వంచారు' అని బహువచనమే వాడుక. శరీరాన్ని తన శ్రమకోసం వంచితే అది ప్రశంస: 'ఒళ్లు వంచి పనిచేసేవాడు.' వరినాట్లు వేసే స్త్రీలు పొద్దస్తమానం బురదలో వంగి ఉంటారు; వారి విషయంలో ఈ మాట అలంకారం కాదు, ఉన్న సంగతి. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత పెంపకాన్ని గురించినది. 'విరుగుతాడే గాని వంగడు' అన్న మాటలో మెచ్చుకోలు ఉన్నదో, విసుగు ఉన్నదో పలికేవారి గొంతునుబట్టి తెలుసుకోవాలి.

వంగు పక్కనే 'వంక' నిలుస్తుంది. 'నెలవంక'లో అది వంపు. ఇక్కడ 'నెల' అంటే మాసం కాదు, చంద్రుడు. వాగులూ వంకలూ అన్నప్పుడు చిన్న ఏరు. రాయలసీమలో ఈ మాట నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నది. 'ఆ వంక చూడు' అంటే దిక్కు, 'జ్వరం వంకతో బడి మానాడు' అంటే నెపం, 'వంకలు పెట్టడం' అంటే తప్పులు వెదకడం. తిన్ననిది కాని దానికి 'వంకర' ఉండనే ఉన్నది. మరి వంకాయ? అది వంకరగా ఉండడంవల్ల వచ్చిన పేరు కాదు. మొక్క పేరు 'వంగ'. వంగనారు, వంగతోట అన్న మాటలే సాక్ష్యం. వంగ మొక్క కాయ వంకాయ.

అభ్యాసం: 'తల వంచు', 'తలవంపులు', 'మెడలు వంచు', 'ఒళ్లు వంచు' – వీటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి. మునుగు, పెరుగు, దిగు అనే క్రియల సకర్మక రూపాలతో ఒక్కొక్క వాక్యం రాయండి. మీ ప్రాంతంలో అన్నం నుండి గంజి తీయడాన్ని వార్చడం అంటారా, వంచడం అంటారా, వంపడం అంటారా? ఇంట్లో పెద్దలను అడిగి, వారు పలికిన వాక్యాన్ని ఉన్నదున్నట్లు రాసుకొని తరగతికి తీసుకురండి.