చెయ్యి ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే

అమ్మడూ,

మీ ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి చదివాను. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి చేతిలోని కంట్రోలర్‌తో దేన్ని చూపించబోతున్నాడో, చెయ్యి అక్కడికి చేరకముందే కనిపెట్టాలంటున్నారు. బాగుంది. ఏ న్యూరల్ నెట్‌వర్క్ వాడమంటారని అడిగావు. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం. చెయ్యి ఎలా కదులుతుందో తెలియకుండా నెట్‌వర్క్‌లో డేటా పోస్తే అది ఏం నేర్చుకుందో మీకూ తెలీదు, రేపు వైవాలో అడిగే ఎగ్జామినర్‌కీ తెలీదు.

చెయ్యి కథ కంప్యూటర్లకంటే పాతది. 1899లో రాబర్ట్ వుడ్‌వర్త్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తిరిగే డ్రమ్ముకి కాగితం చుట్టి, మెట్రోనోమ్ తాళానికి తగ్గట్టు మనుషులచేత పెన్సిల్ గీతలు గీయించాడు. ఒకసారి కళ్లు తెరిపించి, ఒకసారి మూయించి. తేలిందేమిటంటే, మన కదలికలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఒక విసురు: చెయ్యి గమ్యం దిక్కుగా ఒక్క ఊపున పోతుంది. దగ్గరికొచ్చాక చూపు సాయంతో సర్దుబాటు మొదలవుతుంది. మరీ వేగంగా గీయిస్తే కళ్లు తెరిచినా మూసినా పెద్ద తేడా లేదు, సర్దుకునే వ్యవధి ఉండదు కనుక. మీ ప్రాజెక్టంతా ఆ మొదటి విసురు మీదే నిలబడి ఉంది. బయల్దేరేటప్పటికే ఎంత దూరం పోవాలో మెదడు ఒక అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా చేతి వేగంలో బయటపడుతుంది. దాన్ని చదవడమే మీ పని.

1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. రెండు లోహపు పలకల మధ్య కడ్డీతో అటూ ఇటూ కొట్టించి చూశాడాయన. దూరం రెట్టింపైనంత మాత్రాన సమయం రెట్టింపు కాదు, కొంచెమే పెరుగుతుంది. దూరాన్నీ పలక వెడల్పునీ కలిపి రెట్టింపు చేస్తే సమయం దాదాపు మారదు. అద్భుతమైన సూత్రమే, కాని అది చెయ్యి ఎంతసేపట్లో చేరుతుందో చెబుతుంది, ఎక్కడికి పోతోందో చెప్పదు. ఫిట్స్ పేరు రిపోర్టు మొదటి పేజీలో పెట్టి ఊరుకునేవాళ్లు చాలామంది ఈ తేడా చూసుకోరు.

మీకు పనికొచ్చేది 1985లో తమార్ ఫ్లాష్, నెవిల్ హోగన్ వేసిన లెక్క. చెయ్యి వీలైనంత కుదుపు లేకుండా కదులుతుందనుకుంటే వేగం గ్రాఫు గంట ఆకారంలో లేచి దిగుతుంది. అత్యధిక వేగం సగటు వేగానికి 1.875 రెట్లు ఉంటుంది. మామూలుగా దూరం ఎక్కువైన కొద్దీ ఆ శిఖరం ఎత్తు పెరుగుతుంది. అంటే శిఖరం దాటగానే, చెయ్యి ఇంకా దారిలో ఉండగానే, మొత్తం దూరం మీద ఒక ఊహ చెయ్యొచ్చు. 2005లో డెల్ఫియన్ డెస్క్‌టాప్ అనే పరిశోధన సరిగ్గా ఈ పనే చేసింది: మౌస్ శిఖర వేగాన్ని చూసి కర్సర్‌ని గమ్యం దగ్గరికి ఒక్క గెంతు వేయించింది.

అయితే నిజమైన చేతిలో గంట అంత తీరుగా రాదు. చూపించాల్సిన వస్తువు చిన్నదైతే శిఖరం ముందే వచ్చేస్తుంది, తోక పొడుగవుతుంది. చివర్లో జాగ్రత్త పడతాం గదా. అందుకే 2014లో ఫిలిప్ పాస్క్వాల్, జేకబ్ వోబ్రాక్ సూత్రం జోలికి పోకుండా మనిషి కదలికల్నే నమూనాలుగా దాచిపెట్టారు. కొత్త కదలిక మొదలవగానే ఇప్పటిదాకా సాగిన దాని వేగపు గీతను ఆ దాచిన వాటి మొదటి భాగాలతో పోల్చి, బాగా కలిసినది ఎంత దూరం వెళ్లిందో ఇదీ అంత దూరం వెళ్తుందని తేల్చారు. తెర మీద ఏ బటన్ ఎక్కడుందో దీనికి చెప్పనక్కర్లేదు. నీకు నేను ముందు నేర్చుకోమనేది ఈ పద్ధతి. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఎందుకు తప్పిందో కంటికి కనిపిస్తుంది.

ఇక వీఆర్. మౌస్ బల్ల మీద జరుగుతుంది. ఇక్కడ కంట్రోలర్ నుంచి ఒక కిరణం బయల్దేరుతుంది, మణికట్టు కొంచెం తిరిగితే దాని కొస ఎక్కడికో పోతుంది. ఒక్క డిగ్రీ తిరిగితే 5 మీటర్ల దూరంలో దాదాపు 9 సెంటీమీటర్లు. కాబట్టి సెంటీమీటర్లలో ఆలోచించడం మానేసి డిగ్రీల్లో ఆలోచించు.

వీఆర్‌లో మనకు దొరికిన వరం తల. హెడ్‌సెట్ ఎటూ తల కదలికను కొలుస్తూనే ఉంటుంది. నీకు కూచిపూడిలో చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్లాలని నేర్పారు. అభినయ దర్పణంలో నందికేశ్వరుడు పెట్టిన క్రమం అదే. మామూలు జీవితంలో జరిగేది దానికి తలకిందులు. కన్ను ముందు గెంతుతుంది, దూరం ఎక్కువైతే తల కూడా తిరుగుతుంది, చెయ్యి చివరికి చేరుతుంది. 2020లో రోరిక్ హెన్రిక్‌సన్ బృందం పాస్క్వాల్ పద్ధతిని కిరణానికి అన్వయించి, కంట్రోలర్ వేగంతోబాటు తల కదలికనూ నమూనాల్లో చేర్చింది. కదలిక 40 శాతం పూర్తయ్యేసరికి, చేతిని మాత్రమే చూసిన దానికంటే అంచనా 1.8 రెట్లు మెరుగైంది. సగం దారిలో తప్పు సగటున 7.3 డిగ్రీలు, 90 శాతం దగ్గర 3.4 డిగ్రీలు.

ఈ అంకెల్ని గదిలోకి తెచ్చి చూడు. 5 మీటర్ల దూరంలో 7.3 డిగ్రీలంటే సుమారు 64 సెంటీమీటర్లు, 3.4 అంటే 30. సగం దారిలో ఏ బీరువా అన్నది చెప్పగలం, ఏ పుస్తకం అన్నది చెప్పలేం. 90 శాతం వచ్చాక కూడా అంగుళాల లెక్కన చెప్పలేం, పైగా అప్పటికి మనిషే దాదాపు చేరిపోయాడు. కాబట్టి అంచనాతో ఏం చేస్తారో ముందు తేల్చుకోండి. ఆ బీరువాలోని బొమ్మల్ని స్పష్టంగా గీసి సిద్ధంగా ఉంచడం, సమాచారం ముందే తెప్పించుకోవడం, ఇవన్నీ తప్పినా ఎవరికీ తెలియని పనులు. మనిషి బదులు మీ ప్రోగ్రామే బటన్ నొక్కేయడం మాత్రం నా ఉద్దేశంలో అక్రమం. అంచనా పదిసార్లు ఒప్పయి పదకొండోసారి తప్పినా, మనిషి ఆ పదకొండోదాన్నే గుర్తుపెట్టుకుంటాడు.

కంటినే చూస్తే సరిపోదా అంటావేమో. క్వెస్ట్ ప్రో లాంటి హెడ్‌సెట్లలో కంటిని పట్టే సెన్సర్లున్నాయి, క్వెస్ట్ 3లో లేవు. ఉన్నచోట కూడా చిక్కే: కన్ను ఊరికే అన్నిటి మీదా వాలుతుంది. చూసినదల్లా ఎంపికైపోతుంటే ఎంత గోలో రాబర్ట్ జేకబ్ 1990లోనే రాశాడు, ముట్టుకున్నదల్లా బంగారమయ్యే మైడాస్ రాజు పేరు దానికి పెట్టాడు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో అందుకే చూపుతో గురిపెట్టి వేళ్లు కలిపి ఖాయం చేయమంటుంది. మీ దగ్గరున్నది తల మాత్రమే. అది ఒక పరిమితి కూడా: గమ్యాలు పక్కపక్కనే ఉంటే తల కదలదు, కళ్లే చాలు. మీ పరీక్షలో దగ్గరవీ దూరంవీ రెండూ పెట్టకపోతే తల గొప్పతనం మీరు ఎక్కువచేసి చెప్పినట్లవుతుంది.

డేటా తీసేటప్పుడు మూడు చిక్కులొస్తాయి. బటన్ నొక్కగానే చెయ్యి అదిరి కిరణం జరుగుతుంది. డగ్ బౌమన్ 2001లో దీన్ని హైజెన్‌బర్గ్ ప్రభావం అన్నాడు. నొక్కిన క్షణాన్ని గమ్యంగా రాసుకోకండి, దానికి కాస్త ముందున్నదాన్ని తీసుకోండి. గమ్యాలు ఎప్పుడూ అవే ఎనిమిది చోట్ల పెడితే మోడల్ చేతిని వదిలేసి చోట్లను బట్టీ పడుతుంది. ఇక మూడోది చాలామంది రిపోర్టుల్లో కనపడకుండా దాగేది: 'సగం దారి' అన్న మాట కదలిక అయిపోయాకే అనగలం. జరుగుతుండగా ఎంత శాతం వచ్చిందో ఎవరికి తెలుసు? మీ ప్రోగ్రాం తనంతట తాను ఇప్పుడు చెప్పొచ్చా, ఇంకా ఆగాలా అని నిర్ణయించుకోవాలి. ప్రతి ఫ్రేములో అంచనా ఎంత అటూ ఇటూ మారుతోందో చూడండి. అది నిలకడగా ఉన్నప్పుడే నోరు విప్పించండి. నీ ప్రాజెక్టులో కొత్తగా చెప్పగలిగినది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంటుందని నా నమ్మకం.

క్లాసులోని ఇరవయ్యేళ్ల పిల్లలనే కూర్చోబెట్టొద్దు. ఎడమచేతి వాటంవాళ్లు, మెడ పట్టేసినవాళ్లు కావాలి. మీ నాయనమ్మను అడుగు, ఒప్పుకుంటే ఆవిడకీ హెడ్‌సెట్ పెట్టు. ఆవిడ వేగపు గ్రాఫు నీ గ్రాఫులా ఉండదు. ఒకరి నమూనాలతో ఇంకొకరిని ఊహించి ఆ తప్పును విడిగా రాసుకో.

ఒక జాగ్రత్త. తల, చేతుల కదలిక వేలిముద్ర లాంటిది. 2023లో బెర్క్‌లీ పరిశోధకులు బీట్ సేబర్ అనే వీఆర్ ఆట ఆడిన 50,000 మందికి పైగా జనంలో, 100 సెకన్ల కదలిక చూసి ఎవరు ఎవరో 94 శాతం సార్లు గుర్తుపట్టారు. పేరు తీసేస్తే సరిపోయే డేటా కాదిది. ఎవరి దగ్గర తీసుకున్నా అనుమతి కాగితం మీద రాయించుకో, ఎక్కడా పబ్లిక్‌గా పెట్టకు. నాకు పంపదలిస్తే ముడి ఫైళ్లు వద్దు, వేగపు గ్రాఫులు చాలు. తొలి పది కదలికలవి వచ్చే ఆదివారంలోగా పంపు. నెట్‌వర్క్ సంగతి అవి చూశాక మాట్లాడదాం.

ఇట్లు,
నీ పెదనాన్న