పని ఇవ్వకుండా తీర్పు చెప్పొద్దు

 

మన పిల్లవాడు ఒకడు ఆఫీసులో కొత్తగా చేరతాడు. ఫైలు రాసే పని పక్క సీటాయనకి ఇస్తారు. మనవాడికి తపాలా పంపే పని ఇస్తారు. ఐదేళ్ళ తర్వాత ప్రమోషన్ దగ్గర పై అధికారి ఏమంటాడు? "ఇతనికి నోట్ రాయడం రాదండీ" అంటాడు. రాదు, నిజమే. కానీ రాయనిచ్చింది ఎప్పుడు? "కోటాలో వచ్చాడు, ఏం చేస్తాడులే" అని మొదటి రోజు అనుకున్న మాటే ఐదేళ్ళకి రుజువై కూర్చుంది.

సంఘంలోనూ ఒకసారి ఇలాంటిది జరిగిందని ధమ్మపద అట్ఠకథ చెబుతుంది. మహాపంథకుడు, చుల్లపంథకుడు అన్నదమ్ములు, ఇద్దరూ భిక్షువులే. నాలుగు నెలలైనా తమ్ముడికి ఒక్క గాథ కంఠతా రాలేదు. "నీ వల్ల కాదు, వెళ్ళిపో" అన్నాడు అన్న. భిక్షువుల భోజనాల ఏర్పాటు చూసేది కూడా ఆయనే. జీవకుడు సంఘాన్ని భోజనానికి పిలిస్తే తమ్ముణ్ణి లెక్కలోంచి తీసేశాడు. గమనించండి, అన్న చెడ్డవాడు కాడు, అర్హంతుడు. కానీ కంఠస్థం ఒక్కటే కొలత అనుకున్నాడు.

వెళ్ళిపోతున్న చుల్లపంథకుడికి బుద్ధుడు ఎదురొచ్చాడు. తెల్లటి గుడ్డముక్క చేతికిచ్చి, "రజోహరణం" అంటూ రుద్దుతూ ఉండమన్నాడు. అంటే మురికి తీయడం. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. ఏదీ ఉన్నట్టు ఉండదని అతనికి కళ్ళెదుటే అర్థమైంది. గాథ రాని మనిషి అర్హంతుడయ్యాడు. మారింది శిష్యుడి తెలివి కాదు, నేర్పే తీరు.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు మనిషిని తప్పుదారి పట్టించేవి నాలుగు అన్నాడు: ఛందం, దోసం, మోహం, భయం. మనవాడనే మమకారం, గిట్టనితనం, తెలియనితనం, భయం అన్నమాట. వీటిలో దేనితో చూసినా అది సమ్మా దిట్ఠి కాదు. యజమాని విధుల్లో మొదటిది కూడా అక్కడే ఉంది: పనివాళ్ళకి వారి బలానికి తగిన పని అప్పగించాలి. ఇచ్చి చూడకుండా బలం ఎలా తెలుస్తుంది?

బాబాసాహెబ్ 1917లో కొలంబియా చదువుతో బరోడా కొలువులో చేరితే, కింది సిబ్బంది ఆయన బల్ల మీదకి ఫైళ్ళు విసిరేవారు. వాళ్ళకి చదువు కనబడలేదు, కులం కనబడింది.

ఇప్పుడు మనలోనూ హెడ్‌మాస్టర్లు, సూపర్‌వైజర్లు, మేనేజర్లు ఉన్నారు. "ఊడ్చే ఆవిడ కూతురికి కంప్యూటర్ ఏం వస్తుందిలే" అని మనం అనుకోలేదా? మాల, మాదిగ అని చూసి పని పంచలేదా? కుర్చీ మారినంత మాత్రాన చూపు మారదు. చూపు మార్చుకోవడమే ధమ్మం.

ఆచరణ: మీ కింద పనిచేసేవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఈ ఆరు నెలల్లో ఎవరికి కొత్త పని నేర్పారో పేరు పక్కన రాయండి. ఖాళీగా ఉన్న పేరుతో రేపే మొదలుపెట్టండి. మీరు కింద ఉన్నవారైతే, ఆ పని నాకూ నేర్పండి అని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకరి తీర్పుని మీ తీర్పుగా మోయకండి.

భవతు సబ్బ మంగళం!