దారిన పోతూ అన్న మాట

ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మనం ఎన్ని మాటలు మాట్లాడతామో మనకే లెక్క తెలియదు. దైవప్రవక్త ముహమ్మద్‌ (స) మంచి మాట పలకడాన్ని కూడా దానంగా పరిగణించారు. దానం అనగానే జేబు తడుముకునే మనకు ఈ సంగతి అంతగా గుర్తుండదు.

డెబ్భైఏళ్ళు, ఎనభైఏళ్ళు కాదు, ఏడు శతాబ్దాల క్రితం దమస్కస్‌ నగరంలో జరిగిన సంఘటన ఇది. క్రీ.శ. 1274లో జన్మించిన ఒక యువకుడు అక్కడ విద్య నేర్చుకుంటున్నాడు. తండ్రి బంగారం పనివాడు. హదీసు విద్వాంసుడైన బర్జాలీ (రహ్మ) ఒకరోజు ఆ యువకుడి చేతిరాత చూశారు. నీ రాత హదీసువేత్తల రాతలా ఉందే అన్నారు. అంతే! ఆయన పాఠం చెప్పలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. వయసులో కూడా ఆ యువకుడికంటే ఏడెనిమిదేళ్ళే పెద్ద.

ఆ మాట యువకుడి మనసులో నాటుకుపోయింది. హదీసు విద్యపై తనకు ప్రేమ కలిగించింది ఆ మాటేనని తర్వాత ఆయనే స్వయంగా రాసుకున్నారు. ఆయనే ఇమామ్‌ జహబీ (రహ్మ). ఆయన రచించిన మహనీయుల జీవిత చరిత్రల గ్రంథం ‘సియరు ఆలామిన్‌ నుబలా’ నేడు ఇరవైకి పైగా సంపుటాలలో లభిస్తోంది. హదీసు ఉల్లేఖకుల విశ్వసనీయతను పరిశీలించేవారు ఇప్పటికీ ఆయన గ్రంథాలు తెరవక తప్పదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. అబ్బాయి నోటుపుస్తకం తెచ్చి, “అబ్బా, చూడండి” అంటాడు. మనం సెల్‌ఫోన్‌ మీద నుంచి తలెత్తకుండానే, “కోడి గీకినట్టుంది, పో” అంటాం. కోపంతో కాదు, అలవాటుగా. రెండోసారి వాడు పుస్తకం తీసుకురాడు. మనం అన్న మాట మనకు మరుక్షణమే గుర్తుండదు, వాడికి మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. లేని గొప్పలు చెప్పి పిల్లల్ని ఉబ్బించమని కాదు. బర్జాలీ (రహ్మ) అబద్ధం చెప్పలేదు. ఉన్న మంచిని చూశారు, చూసింది నోటితో అన్నారు.

బర్జాలీ (రహ్మ) 1339లో హజ్‌ ప్రయాణంలో, ఇహ్రామ్‌ స్థితిలోనే కన్నుమూశారు. చివరి సంవత్సరాల్లో జహబీ (రహ్మ) చూపు కోల్పోయారు. అప్పటికే రాయవలసినదంతా రాశారు.