చలికాలంలో ఎండ కోసం ఎక్కడికి?

ప్రశ్న: మాది హబ్సిగూడ. డిసెంబరు చలికి అమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయి. నాలుగు రోజులు ఎండ తగిలే చోట ఉందామనుకుంటున్నాం. అందరూ అరకు అంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: అరకు వద్దండీ. ఈ రోజుల్లో అక్కడ మీ హబ్సిగూడను మించిన చలి. మీకు కావలసింది కోస్తా. నేల చల్లారినంత త్వరగా సముద్రం చల్లారదు కాబట్టి అక్కడ రాత్రుళ్లు అంతగా వణికించవు.

నా ఓటు బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి. బాపట్లకు సికింద్రాబాద్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, అక్కణ్నుంచి తీరం సుమారు 9 కిలోమీటర్లు. రైలు దిగే వేళ చూసుకునే టికెట్ తీయండి. పెద్దావిడతో అర్ధరాత్రి స్టేషన్లో దిగడం నరకం.

ఒడ్డునే పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. ఎక్కడ దిగినా ఫొటోలు చూసి మురిసిపోకుండా ముందే ఫోన్ చేయండి. కింది అంతస్తు గది, తూర్పు కిటికీ, వెస్టర్న్ టాయిలెట్, పనిచేసే గీజరు ఉన్నాయా అని అడగండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. బిల్లులో అది చూసుకోండి.

డిసెంబరు మొదట్లో తుపాను భయం, సంక్రాంతికి జనం. ఈ రెంటి మధ్య రోజులు మేలు. అలల్లోకి మాత్రం లోతుగా దిగకండి.